సమ్మర్ టాపర్ ఎవరో రెండో సోమవారం చెబుతుంది

మార్చి వచ్చిందంటే మన కాలేజీలో రెండు రకాల జోస్యాలు మొదలవుతాయి. ఒకటి, సెమ్ పేపర్లో ఏ యూనిట్ నుంచి పెద్ద ప్రశ్న పడుతుందని. రెండోది, ఈ సమ్మర్లో ఏ సినిమా టాప్ లేపుతుందని. మొదటిదానికి సీనియర్లు దాచిపెట్టిన పాత పేపర్లయినా ఆధారం ఉంటాయి. రెండోదానికి మనవాళ్లు చూపించే ఆధారాలు ఏంటయ్యా అంటే ట్రైలర్ వ్యూస్, పాటకొచ్చిన లైకులు, హీరోగారి పోయిన సినిమా ఫస్ట్ డే పోస్టరు. వీటి మీదే హాస్టల్లో బిర్యానీ పందేలు కూడా నడుస్తాయి.

పందేలు వద్దని నేననను. లెక్క మార్చమంటాను. సమ్మర్ విన్నర్‌ని తేల్చేది మొదటి శుక్రవారం కాదు. మా జగ్గయ్యపేట, నందిగామ లాంటి ఊళ్లలో రెండో సోమవారం సెకండ్ షోకి ఎన్ని సీట్లు నిండాయన్నది అసలు లెక్క. ఆ లెక్కను ఎవరూ పట్టించుకోకపోతే కొన్నాళ్లకు లెక్కపెట్టడానికి ఆ థియేటర్లే ఉండవని నా భయం. ఎందుకో ఒక్కో మెట్టూ చెబుతాను.

ముందు డేటు నిలబడాలి

ఏ సినిమా గెలుస్తుందో చెప్పే ముందు అసలు ఏ సినిమా వస్తుందో చెప్పగలగాలి. 2025 వేసవినే తీసుకోండి. ఒక దశలో ప్రకటించిన తేదీల ప్రకారం మార్చి 28న పవన్ కల్యాణ్ 'హరిహర వీరమల్లు', అదే రోజు విజయ్ దేవరకొండ సినిమా (తర్వాత దానికే 'కింగ్‌డమ్' అని పేరు పెట్టారు), ఏప్రిల్ 10న ప్రభాస్ 'రాజా సాబ్', ఏప్రిల్ 25న 'కన్నప్ప' రావాలి. ఆ జాబితా చూసి పందెం కాసినవాళ్ల బిర్యానీ ఏమైందో చూడండి. కన్నప్ప జూన్ 27కి వెళ్లింది. వీరమల్లు మే 9 అని, జూన్ 12 అని, చివరికి జూలై 24న దిగాడు. కింగ్‌డమ్ జూలై 31. రాజా సాబ్ అయితే ఏకంగా 2026 సంక్రాంతికి. అంటే నాలుగు పెద్ద గుర్రాల్లో ఒక్కటీ వేసవి పరుగుకే రాలేదు.

అంతకు ముందేడు కూడా ఇంతే. 'కల్కి 2898 ఏడీ'కి 2024 మే 9 అని చెప్పారు. మే 13న మన రాష్ట్రంలో ఎన్నికలు పడ్డాయి, సినిమా జూన్ 27కి జరిగింది. ఆ నెల సినిమాల్లేక, జనం రాక, తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు మే 17 నుంచి పది రోజులు మూసేస్తామని ప్రకటించాయి. అంటే మా జగ్గయ్యపేటకు పాతిక కిలోమీటర్ల లోపు ఉన్న కోదాడ వైపు ఎండాకాలం సెలవుల్లోనే థియేటర్లకు సెలవన్నమాట.

గ్రాఫిక్స్ అవ్వకపోవడం, ఓటీటీ ఒప్పందం తేలకపోవడం, ఎన్నికలు, ఐపీఎల్... ఇలా డేటు జరగడానికి కారణాలు వంద. అందుకే ఈ సమ్మర్ సినిమాల పేర్ల జాబితా ఇక్కడ ఇవ్వడం లేదు. ఈ సంచిక మీ ఫోన్లోకి వచ్చేసరికి అందులో సగం పాతబడిపోతుంది.

సెంటిమెంటు సంగతి

మనవాళ్ల దగ్గర ఇంకో ఆయుధం ఉంది, అదే డేట్ సెంటిమెంటు. ఏప్రిల్ 28 అంటే ఇండస్ట్రీ హిట్టు అంటారు. 1977లో ఎన్టీఆర్ 'అడవి రాముడు', 1994లో 'యమలీల', 2006లో మహేష్ 'పోకిరి', 2017లో 'బాహుబలి 2' అన్నీ ఆ తేదీకే వచ్చాయి. నిజమే, వినడానికి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ 2023లో అఖిల్ 'ఏజెంట్' వచ్చింది కూడా ఏప్రిల్ 28నే. అది వారం తిరక్కుండానే చల్లబడింది. దానికి వారం ముందు, ఏ సెంటిమెంటూ లేని ఏప్రిల్ 21న వచ్చిన 'విరూపాక్ష' ఆ వేసవిని ఏలింది.

మే 9 కథ ఇంకా బాగుంటుంది. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' (1990), 'గ్యాంగ్ లీడర్' (1991), 'మహానటి' (2018), 'మహర్షి' (2019) అన్నీ మే 9నే. అయితే మన కృష్ణా జిల్లావాళ్లు ఈ కథలో ఒక ముక్క మర్చిపోకూడదు. 1990 మే 9 అంటే పెను తుఫాను మన తీరాన్ని తాకిన రోజు. మచిలీపట్నం వైపు ఊళ్లకు ఊళ్లు నీళ్లలో ఉన్నాయి, కోస్తా అంతా వాన. అలాంటి రోజున థియేటర్‌కి ఎవరొస్తారు? ఓపెనింగే జాతకమైతే ఆ సినిమా అక్కడే మునిగిపోవాలి. వానలు తగ్గాయి, చూసినవాళ్లు పక్కింట్లో చెప్పారు, జనం కదిలారు. ముప్పై అయిదేళ్ల తర్వాత, 2025 మే 9న, అదే సినిమాను మళ్లీ థియేటర్లలో వేశారు. నేను దీని నుంచి నేర్చుకున్నది మే 9 మంచి రోజని కాదు. సినిమా బాగుంటే తుఫాను కూడా మొదటి వారం వరకే ఆపగలదని.

కోట్లంటే ఏ కోట్లు?

పోస్టర్ మీద 100 కోట్లని పడగానే మనం స్టేటస్ పెట్టేస్తాం. అది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు. దాంట్లోంచి జీఎస్టీ పోతే నెట్. నెట్‌లోంచి థియేటర్ అద్దెలు, ఖర్చులు పోతే డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. ఆయన ఆ ఏరియా హక్కులు ఎంతకు కొన్నాడో అంతకంటే షేర్ ఎక్కువొస్తేనే హిట్టు. ఎక్కువ పెట్టి కొన్న సినిమాకు ఎక్కువ వచ్చినా నష్టమే కావచ్చు. ప్లేస్‌మెంట్ ప్యాకేజీ గురించి మనం వాడుకునే మాటల్లో చెప్పాలంటే గ్రాస్ అనేది సీటీసీ, షేర్ అనేది చేతికొచ్చే జీతం.

ఈ లెక్కలు రాసే మ్యాపు కూడా తమాషాగా ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న మా ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఎన్టీఆర్ జిల్లా అయింది. ఆఫీసు బోర్డులు మారాయి, అడ్రసులు మారాయి. సినిమా ట్రేడ్‌లో మాత్రం మేమింకా 'కృష్ణా'యే. రాయలసీమను నిజాం 1800లో కంపెనీకి అప్పగించినప్పుడు వచ్చిన పేరు ఇప్పటికీ 'సీడెడ్'. గరికపాడు చెక్‌పోస్టు దాటితే 'నైజాం'. మా ఊరి కుర్రాళ్లు బండేసుకుని కోదాడ వెళ్లి సినిమా చూస్తే మా డబ్బులు నైజాం ఖాతాలో పడతాయి. పెద్ద సినిమా వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలు వేరువేరు రేట్లు ఇస్తే, ఎటువైపు చవకో లెక్కేసుకుని అటు వెళ్లే తెలివి మా సరిహద్దు ఊళ్లకు బాగానే ఉంది. 'కృష్ణాలో ఇంత, నైజాంలో ఇంత' అని ట్విట్టర్లో అంకెలు చూసి హీరో బలం కొలిచేవాళ్లకు ఈ సంగతి పట్టదు.

మెట్ట ప్రాంతం లెక్క

మాది డెల్టా కాదు. కాలవ నీళ్లు, మూడు పంటలు అంటూ సినిమాల్లో చూపించే కృష్ణా జిల్లా మాది కాదు. మా దగ్గర మిరప, పత్తి. పెనుగంచిప్రోలు తిరపతమ్మ తల్లి తిరనాళ్లు అయిపోయి, మిరప కోతలు ఒక కొలిక్కి వచ్చి, సరుకు గుంటూరు యార్డుకి చేరితే మాకు చేతిలో డబ్బు ఆడుతుంది. అంటే సరిగ్గా సమ్మర్ సినిమాలు దిగే టైమే. 2025లో మిరప ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. మా ఇంట్లో ఆ ఏడు యార్డు చీటీ చూసిన తర్వాత సినిమా మాట ఎవరూ ఎత్తలేదు. ఏ ట్రేడ్ ఎనలిస్టూ తన అంచనాలో మిరప ధర కలపడు. నేనైతే ట్రైలర్ వ్యూస్ కంటే ముందు అదే చూస్తాను.

ఇక కూలీకి వెళ్లేవాళ్ల సంగతి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలు. టికెట్ 150 అనుకుందాం. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు వెళ్తే 600. అంటే ఎండలో మట్టి తవ్విన రెండు రోజుల కష్టం, పాప్‌కార్న్ వైపు తల తిప్పకుండా. అలాగని రేటు మరీ తొక్కేస్తే బాగుపడతామా అంటే అదీ కాదు. 2021 ఏప్రిల్లో వచ్చిన 35వ నంబరు జీవోలో పంచాయతీల్లోని ఏసీ లేని థియేటర్లకు కింది తరగతి టికెట్ 5 రూపాయలు పెట్టారు. టీ కూడా రాని రేటుకు ఏ థియేటర్ నడుస్తుంది? 2022 మార్చిలో ఆ రేట్లు సవరించారు. అదే నెల 25న వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్'కి పది రోజుల పాటు టికెట్ మీద 75 రూపాయలు అదనంగా తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఇలా ఒక ఏడాదిలోనే ఆ చివర నుంచి ఈ చివరకు ఊగాం.

మా పెద్దమ్మ సినిమాకు వెళ్లేముందు రెండే రెండు ప్రశ్నలు అడుగుతుంది. "ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చంటరా? టికెట్టు ఎంత తీసుకుంటున్నారు?" నేను డైరెక్టర్ పాత సినిమాలు, మ్యూజిక్ డైరెక్టర్ ఫామ్ అంతా చెప్పబోతే, "అయ్యన్నీ తర్వాత చెబుదువుగాని, ఏసీ ఆడుతుందా లేదా?" అని మూడోది అడుగుతుంది. ఎండాకాలంలో రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసే ఊళ్ల జాబితాలో నందిగామ పేరు ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు. మధ్యాహ్నం మ్యాటనీకి సగం బలం కథది, సగం బలం ఏసీది.

2025 ఆగస్టు 15 నుంచి ఈ లెక్కలోకి కొత్త అంకె ఒకటి వచ్చింది. స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నందిగామ నుంచి బెజవాడకు గంటన్నర లోపే. అమ్మలకు ఛార్జీ సున్నా అయినప్పుడు, సినిమాతో పాటు షాపింగూ అవుతుందంటే, బెజవాడ మల్టీప్లెక్స్ మునుపటి కంటే దగ్గరైనట్టే. వేసవిలో దీని ప్రభావం నందిగామ థియేటర్ మీద తప్పకుండా పడుతుందని నా అంచనా.

రెండో సోమవారం ఎందుకు?

ట్రేడ్ వాళ్లు మొదటి సోమవారాన్ని పరీక్ష అంటారు. నగరాలకు అది సరిపోతుంది. మా ఊళ్లలో మొదటి మూడు రోజులు ఫ్యాన్స్‌వి, మిగతా వారం కుర్రాళ్లవి. కుటుంబాలు కదిలేది మాట ఊరంతా పాకిన తర్వాత, పెంచిన రేట్లు దిగిన తర్వాత. 'ఆర్‌ఆర్‌ఆర్'కి ఆ పది రోజుల గడువు ఆదివారంతో ముగిసింది. మామూలు రేటు మొదలైంది రెండో సోమవారం. అది 2022 ఏప్రిల్ 4, అంటే ఎన్టీఆర్ జిల్లా పుట్టిన రోజే. తారక్ ఫ్యాన్స్ దీన్ని ఇన్నాళ్లూ ఎందుకు వాడుకోలేదో నాకర్థం కాదు.

అదే వేసవిలో ఇంకో పాఠం ఉంది. 'ఆర్‌ఆర్‌ఆర్' వచ్చిన 35 రోజులకు, ఏప్రిల్ 29న, అదే రామ్‌చరణ్, పక్కన చిరంజీవి కూడా ఉండగా 'ఆచార్య' వచ్చింది. ట్రైలర్ వ్యూస్ ప్రకారం, ఫ్యాన్స్ సంఖ్య ప్రకారం అది ఓడిపోయే అవకాశమే లేదు. ఓడిపోయింది. నెల రోజుల్లో హీరో మారలేదు, ఫ్యాన్స్ మారలేదు. మారింది సినిమా ఒక్కటే.

2025 సంగతి చూడండి. పెద్ద గుర్రాలు రాకపోయేసరికి మే 1న వచ్చిన నాని 'హిట్ 3' కోట్లలో ముందు నిలిచింది. మొదటి వారంలోనే 100 కోట్ల పోస్టర్ పడింది. కానీ దానికి 'ఏ' సర్టిఫికెట్. మా పెద్దమ్మ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. మే 9న శ్రీవిష్ణు '#సింగిల్' వచ్చింది, చక్కగా నవ్వించి హిట్టయింది. మార్చి 14న వచ్చిన 'కోర్ట్'లో స్టార్ హీరోయే లేడు, అయినా జనం చూశారు. కోట్ల టాపర్ ఒకరు, పెట్టిన డబ్బుకు వచ్చిన డబ్బు లెక్కలో టాపర్ ఇంకొకరు. క్లాసులో మనం చూస్తూనే ఉంటాం కదా.

"మరి బాహుబలి 2 సంగతేంటి బ్రో?" అని మీరడగొచ్చు. పది రోజుల్లో 1,000 కోట్ల గ్రాస్ దాటిన మొదటి భారతీయ సినిమా అది, కాదనను. దాని బలం కూడా ఇక్కడే ఉంది. ఫ్యాన్స్ వచ్చిన మొదటి రోజుల్లోనే ముసలివాళ్లూ పిల్లలూ కూడా వచ్చారు. అలాంటివి అయిదేళ్లకోసారి వస్తాయి. వాటిని చూసి ప్రతి వేసవినీ అంచనా వేయడం, ఒక్క టాప్ ప్యాకేజీ చూపించి కాలేజీ అడ్మిషన్లు చేసినట్టుంటుంది.

థియేటర్ మిగలాలంటే

ఈ రెండో సోమవారం ఇప్పుడు ప్రమాదంలో ఉంది. 'హిట్ 3' మే 1న థియేటర్లోకి, మే 29న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. నాలుగు వారాలు ఆగితే ఫోన్లోనే వస్తుందని తెలిసినప్పుడు రెండు రోజుల కూలీ ఎవరు పెడతారు? అటు థియేటర్ వాళ్ల గోడు వేరు. పెద్ద సినిమాకు కట్టిన అద్దె ఇస్తారు, ఎంత వసూలైనా వాళ్లకొచ్చేది అంతే. జనం పలచబడ్డాక మాత్రం వాటా పద్ధతి. 2025 మేలో తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు ఎప్పుడూ వాటాయే కావాలని, లేదంటే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని అన్నారు. పెద్ద గొడవయ్యాక వెనక్కి తగ్గారు. సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నా అభిప్రాయం ఏంటంటే, వాటా పద్ధతి న్యాయమైనదే. కానీ దానికి బదులుగా మా లాంటి ఊళ్ల థియేటర్లు ఒక పని చేయాలి. రెండో సోమవారం నుంచి టికెట్‌ను 100 రూపాయలకు దించాలి. ఇది దానం కాదు, లెక్క చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, ఆపై రేటుకు 18 శాతమే ఉంది. 150 టికెట్లో పన్ను పోగా మిగిలేది దాదాపు 127. 100 టికెట్లో మిగిలేది 95. అంటే చూసేవాడికి 50 తగ్గితే అమ్మేవాడికి పోయేది 32 మాత్రమే. 75 మంది వచ్చే షోకి 100 మంది వస్తే లెక్క సరి. నలుగురి కుటుంబానికి 600 కాస్తా 400 అవుతుంది. ఖాళీ సీట్లకు ఏసీ వేసి కూర్చోవడం కంటే ఇది నయం కాదా?

ఇక నా పందేలు రాసి పెట్టుకోండి. ఒకటి: ఇప్పుడు ప్రకటించి ఉన్న పెద్ద సినిమాల తేదీల్లో కనీసం సగం మారతాయి. రెండు: మొదటి మూడు రోజుల రికార్డు పెద్ద హీరోదే, దాని మీద పందెం కాసి గెలవడం గొప్పేం కాదు. మూడు: మా కృష్ణా మెట్టలో ఈ వేసవి అసలు విజేత ఇంటిల్లిపాదీ చూడగలిగే, రెండున్నర గంటలు దాటని, ఇప్పుడు మీ జాబితాలో అయిదో స్థానంలోనో ఆరో స్థానంలోనో ఉన్న సినిమా. నాలుగు: మిరప ధర బాగుంటే ఆ సినిమా ఇంకో వారం ఎక్కువ ఆడుతుంది.

సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక ఊరెళ్తారు కదా. ఎక్కడివాళ్లయినా సరే, మీ ఊళ్లో ఒక సినిమాకు రెండో సోమవారం సెకండ్ షోకి వెళ్లండి. ఇంటర్వెల్‌లో లేచి నిలబడి ఓసారి వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టండి. ఆ అంకె క్లబ్బు మెయిల్‌కి పంపండి. ఏ పోస్టర్ మీదా పడని ఆ అంకెలన్నీ కలిపి వచ్చే సంచికలో మనమే వేద్దాం.